చిన్న కెమెరాకు రాబోవు కాలము

ఈ దినమున నేను ముచ్చటింపబోవు వస్తువు చాల చిన్నది. అరచేత నిలుచునది, చొక్కా జేబులో నిముడునది. మీలో ననేకుల యిండ్లలో బీరువాలో బట్టల క్రిందనో, ట్రంకుపెట్టెలో పెండ్లి పత్రికల నడుమనో యది యిప్పటికిని పండుకొని యుండును. అంగడివారు దానిని కాంపాక్టు కెమెరా యందురు. మనము చిన్న కెమెరా యందము. ఇరువది యేండ్ల క్రిందట బెంగుళూరులో పనిచేయు కొడుకో, ఊరు విడిచిన తమ్ముడో దానిని తెచ్చినపుడు వీథి పిల్లలందఱు చుట్టు మూగిరి. దేవర నాడును, చెవులు కుట్టు నాడును, క్రొత్త ఎద్దులను కొన్న నాడును అది బయటికి వచ్చెను. నేడది మూగపోయినది. దాని పని నంతయు సెల్‌ఫోను చేయుచున్నది.

ఈ మార్పు యెట్లు జరిగినది, ఆ చిన్న యంత్రము మరల లేచునా, లేవకపోయినచో కంబదూరు వంటి మెట్టసీమ గ్రామమున కందువలన వచ్చునదేమి, పోవునదేమి యని విచారించుట యీ ప్రసంగములోని పని. కెమెరా కొనదలచినవారికి గాని అమ్మదలచినవారికి గాని సలహా చెప్పుట నా యుద్దేశము కాదు. అయినను ఇంటిలో పాత కెమెరా యున్నవారు తుదివరకు వినవలెనని కోరుచున్నాను.

కెమెరా యనగా చీకటి పెట్టె. ఒక ప్రక్క చిన్న కంత, ఆ కంతకు గాజు కటకము, ఎదుటి గోడపై వెలుతురును పట్టుకొను పదార్థము. ఇంతకు మించి దానిలో గూఢమేమియు లేదు. మిట్టమధ్యాహ్నమున తలుపు మూసి పండుకొన్నపుడు, తలుపు సందునుండి వచ్చు వెలుతురులో వీథిని పోవు మనిషి నీడ గోడమీద తలక్రిందుగా కదలుట మీరు చూచియే యుందురు. అదియే కెమెరా. ఆ కదలు నీడను నిలుపుట యొక్కటే మనుష్యుడు కనిపెట్టవలసి యుండెను. ఫ్రాన్సు దేశమున 1839వ సంవత్సరమున దాని నొక రాగిరేకుమీద వెండిపూతపై నిలిపి లోకమునకు చూపిరి.

మొదటి యేబది యేండ్లు ఇది రాజులకును, దొరలకును చెందిన విద్య. పెట్టె యొక బరువు, దాని ముక్కాలి పీట యొక బరువు, గాజుపలకలును మందుసీసాలును వేరొక బరువు. మన తెలుగు దేశమున ఈ విద్యకు పేరెన్నికగన్నవాడు లాలా దీనదయాళు. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదులో స్టూడియో నడపి, 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆయన తీసిన కోటలు, వేటలు, విందులు నేటికిని చూడవచ్చును. ఎద్దు ముట్టెను, గుంటక తోలు రైతును తీయవలెనని యా దినములలో ఎవ్వరును పిలిచినవారు లేరు. పిలుచుటకు తగిన సొమ్ము రైతు చేత లేదు, అంతియే.

చిన్న కెమెరా చరిత్ర నిజముగా అమెరికాలో 1888లో నారంభమైనది. జార్జి ఈస్ట్‌మన్ అనునతడు గాజుపలకకు మారుగా చుట్టలు చుట్టదగిన ఫిల్మును పెట్టెలో నుంచి, నూరు బొమ్మలు తీయదగిన కొడాకు కెమెరాను 25 డాలర్లకు అమ్మెను. కొన్నవాడు మీట నొక్కుటయే. నూరు బొమ్మలు ముగిసిన పిమ్మట పెట్టెకు పెట్టెనే ఫ్యాక్టరీకి పంపినచో వారు కడిగి, అచ్చొత్తి, క్రొత్త ఫిల్ము వేసి తిరిగి పంపెడివారు. 1900లో నతడే అట్టతో చేసిన బ్రౌనీ యను డబ్బా కెమెరాను ఒక్క డాలరుకు తెచ్చెను. నేర్పుగలవాడు తీయు పని యీ దినముతో ఎవడైనను తీయగల పని యయ్యెను. సెల్‌ఫోను చేసిన విప్లవమని నేడు మనము చెప్పుకొనునది, నా యెన్నికలో, సగము 1900లోనే జరిగిపోయినది.

అది మన వైపు వచ్చుటకు మాత్రము చాల కాలము పట్టెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట అగ్ఫా వారి క్లిక్ త్రీ యను నల్లని డబ్బా కెమెరా మన దేశమున నెక్కువగా వ్యాపించెను. రీలునకు పండ్రెండు చతురపు బొమ్మలు. ఫిల్మునకై పరదేశముల మొగము చూడనక్కరలేదని 1960లో నీలగిరులలో ఉదకమండలమున ప్రభుత్వమువారే హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను సంస్థను స్థాపించిరి. ఇందు అను పేరుగల రీళ్లు అక్కడివే. ఆ తరువాత ముప్పదియాఱు బొమ్మల రీలు వేయు యాషికా, కొడాకు చిన్న కెమెరాలు వచ్చినవి. పట్టణములలో రంగుల ల్యాబులు వెలసినవి.

ఆనాటి లెక్క మీకు జ్ఞాపకమే. రీలునకు ముప్పదియాఱు బొమ్మలు మాత్రమే గావున ఇంటి పెద్ద యొక్కొక్క బొమ్మకు ఆలోచించెడివాడు. ఉగాదికి వేసిన రీలు దసరావరకు ముగిసెడిది కాదు. కళ్యాణదుర్గమునకు గాని అనంతపురమునకు గాని పోవు మనిషి చేతికిచ్చి కడిగింపవలెను. రేకుల యింటిలో వేసవి యెండకు రీలు కాగి, బొమ్మలమీద పొగ యావరించుటయు కలదు. ముప్పదియాఱింట ఇరువది చక్కగా వచ్చిన యెడల ఆ యింట పండుగయే. అంత కష్టపడి తెచ్చిన బొమ్మను ఎవరును పారవేయలేదు. అద్దము బిగించి గోడకు కొట్టిరి. లేదా ఆల్బములో నుంచి వచ్చిన చుట్టమున కెల్ల చూపిరి.

ఇంకొక సంగతి. 1993లో భారత ఎన్నికల కమిషను ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులీయ నారంభించెను. పల్లెలలో బడి వసారాలలో నల్లగుడ్డయో తెల్లగుడ్డయో కట్టి, జనులను వరుసగా కూర్చుండబెట్టి తీసిరి. పెండ్లి గుంపులో ఎక్కడనో వెనుక నిలుచుటయే గాని తానొక్కతె కెమెరా యెదుట కూర్చుండి యెఱుగని ముసలమ్మకు జీవితములో మొదటి ఒంటి ఫోటో ఆ కార్డు ఫోటోయే కావచ్చును. తరువాత ఆమె కాలము చేసినపుడు పెద్దదిగా చేయించి దండ వేయుటకు దొరకిన దదియొక్కటే యైన యిండ్లును పెక్కులు గలవు. ప్రభుత్వ కార్యమునకై తీసిన బొమ్మ యింటి దేవరయై గోడ నెక్కుట విచిత్రమే.

ఇక ఫిల్ము లేని కెమెరా. 1975లో కొడాకు కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు దాని నొకదానిని చేసెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైమాట. బొమ్మ మొత్తము పదివేల చుక్కలు; దానిని క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెడిది. వెలుతురును విద్యుత్తుగా మార్చు చిన్న చిప్పు ఫిల్ము స్థానము నాక్రమించెను. అట్టి చిప్పునకు మార్గము చూపిన బాయిల్, స్మిత్ అను ఇరువురకు 2009లో నోబెలు బహుమానము లభించినది. కన్న తల్లివంటి కొడాకు కంపెనీ మాత్రము ఫిల్ము వ్యాపారమును విడువజాలక, 2012 జనవరిలో దివాలా రక్షణకై కోర్టు నాశ్రయించెను. ఉదకమండలము ఫ్యాక్టరీయును ఫిల్ముతోపాటు మూతబడినది.

ఫిల్మును చంపిన యా డిజిటలు చిన్న కెమెరా యెంతకాలము రాజ్యమేలెను? పదునైదేండ్లు గూడ నిండలేదు. జపాను కెమెరా తయారీదారుల సంఘమువారు లెక్కలు ప్రకటించుచుందురు. వాని ప్రకారము 2010లో కంపెనీలు లోకమంతటికిని పంపిన చిన్న కెమెరాలు 10 కోట్ల 80 లక్షలకు మించినవి. 2023లో పంపినవి 17 లక్షల ప్రాంతము. అనగా అరువది మూటల కాయలు పండిన చేనిలో ఒక మూట పండినట్లు. కరవు సీమవారికి ఈ యుపమానమును విప్పి చెప్పనక్కరలేదు. కాసియో కంపెనీవారు 2018లో ఈ చిన్న కెమెరాల వ్యాపారమును విడిచిరి. ఎన్నో తరముల పేరుగల ఒలింపస్ వారు తమ కెమెరా శాఖను 2021 ప్రారంభమున పరుల కప్పగించిరి.

చంపినది సెల్‌ఫోను. జపాను దేశమున 2000 సంవత్సరమున షార్ప్ కంపెనీ చేసిన యొక ఫోనునకు వెనుక చిన్న కన్ను పెట్టిరి. అది తీసిన బొమ్మలో లక్షా పదివేల చుక్కలకు మించి లేవు, చూచినవారు నవ్వియే యుందురు. 2007 తరువాత వ్రేలితో తాకు ఫోనులు వచ్చినవి. మన దేశమున 2016 సెప్టెంబరు పిమ్మట ఇంటర్నెట్టు చవుకయై పల్లెపల్లెకు ప్రాకెను. ఆ తరువాత చిన్న కెమెరాను మరల కొన్న యిల్లు మన ప్రాంతమున నరుదు.

ఫోను బొమ్మ మంచిదగుటచేత కెమెరా యోడినదని పలువు రనుకొందురు. నా యభిప్రాయమున నది సరికాదు. తొలి దినముల ఫోను బొమ్మ కెమెరా బొమ్మకు సాటియే కాదు. ఫోను గెలిచినది వేరు కారణములచేత. మొదటిది, అది యెల్లపుడు చేతనుండును. మేకపిల్ల పుట్టినపుడు బీరువా తాళము వెదకువా డెవడు? రెండవది, తీసిన క్షణమున అది బెంగుళూరులోని కొడుకు కన్నుల యెదుట నుండును. కరవుచే సగము మంది వలస పోయిన యూరిలో, మనుమని మొగమును వేరొక జిల్లానుండి చూచు తాతకు ఈ రెండవ గుణము మొదటిదానికన్న నెక్కువ. చిన్న కెమెరా బొమ్మను తీసి తనలో దాచుకొనెను గాని పంపలేకపోయినది.

మన నేలకు ప్రత్యేకమైన కారణము లింకను గలవు. నగరములలో వ్రాయువారు వీనిని గమనింపరు. చిన్న కెమెరా మీట నొక్కగానే దాని కటకపు గొట్టము ముక్కువలె ముందుకు సాగును, ఆపినపుడు లోనికి పోవును. ఆషాఢమాసపు గాలికి ఎఱ్ఱదుమ్ము లేచు మన మెట్టమీద ఆ గొట్టము సందులలో నిసుక దూరినచో నది మధ్యలో బిగిసి నిలిచిపోవును. బాగుచేయు కూలి కెమెరా వెలకు దగ్గరగును. ఫోను కటకము కదలదు, పైన గట్టి అద్దము కప్పి యుండును. పంచె కొనతో తుడిచిన చాలును. ఇట్లే, మన యెండలో వెనుకనున్న తెర యేమియు కనబడదు. పాత ఫిల్ము కెమెరాలకు కంటి దగ్గర పెట్టుకొని చూచు రంధ్ర ముండెడిది. ఖర్చు తగ్గించుటకై డిజిటలు చిన్న కెమెరాలలో దానిని తీసివేసిరి. ఫోనునకును ఆ రంధ్రము లేదు గాని, దాని తెర వెలుగు క్రమముగా పెరుగుచు వచ్చినది.

ఇంతకు బొమ్మ గుణమును గూర్చి యేమి చెప్పవలెను? చవుక చిన్న కెమెరాలో వెలుతురును పట్టు చిప్పు నిడివి సుమారు ఆఱు మిల్లీమీటర్లు, వెడల్పు నాలుగున్నర, అనగా కందిగింజంత. నేటి ఖరీదైన ఫోనులలో నది పది మిల్లీమీటర్ల వరకు పెరిగి శెనక్కాయ విత్తంత యైనది. చేను పెద్దదైన కొలది వాన యెక్కువ పట్టినట్లు, చిప్పు పెద్దదైన కొలది వెలుతురు ఎక్కువ పట్టును. కావున చవుక కెమెరాకు ఈ విషయమున నేడు గర్వపడుటకు ఏమియు మిగులలేదు. దానికి మిగిలిన బల మొకటి: దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు కటకము. గుడి గోపురముపై బొమ్మను, చెట్టు కొమ్మపై పిట్టను కెమెరా గాజులు జరిపి నిజముగా దగ్గరకు తెచ్చును. చవుక ఫోను బొమ్మను సాగదీసి పెద్దది చేయును. పిండి తగ్గిన రొట్టెను వెడల్పు చేసినట్లు. కంబదూరు మల్లికార్జునస్వామి దేవాలయమున స్తంభముల మీది చెక్కడమును క్రిందినుండి రెంటితోను తీసి పోల్చి చూచినచో ఈ భేదము మీకే తెలియును.

ఫోనులో మఱియొక విద్య గలదు. అది తీయునది ఒక్క బొమ్మ కాదు. మీరొకసారి మీట నొక్కినచో, అది వరుసగా ననేకములు తీసి, కదలికలను సవరించి, నీడలను తేర్చి, అన్నింటిని కలిపి యొకటిగా కుట్టి మీ కిచ్చును. ఈ లెక్క యంతయు రెప్పపాటున జరుగును. చీకటిలో గూడ ఫోను బొమ్మ తేటగా వచ్చుటకు కారణమిదియే. ఇంతవరకు మేలే. కాని కొన్ని ఫోనులు లేనిదానిని గూడ కల్పించుచున్నవి. 2023 మార్చిలో ఒకానొకడు చంద్రుని చిత్రమును బుద్ధిపూర్వకముగా మసకచేసి, కంప్యూటరు తెరపై పెట్టి, చీకటిగదిలో దూరమునుండి శామ్‌సంగ్ ఫోనుతో తీసెను. మసక బొమ్మలో లేని గుంతలును మచ్చలును ఫోను బొమ్మలో స్పష్టముగా కనబడెను. చంద్రుని గుర్తించి వివరములను మెఱుగుపఱచు ఏర్పాటు తమ ఫోనులో గలదని ఆ కంపెనీవారును చెప్పుకొనిరి. చంద్రుని మొగమునకు మెఱుగు పెట్టిన నష్టము లేదు. మనుష్యుల మొగముల ముడుతలను గూడ అడుగకయే నునుపు చేయు ఫోనులున్నవి. డెబ్బదియేండ్ల యెండ చెక్కిన ముడుతలు పోయినచో ఆ ముసలివాడు మన తాత యెట్లగును? నాకది నచ్చదు.

ఇది కేవలము అందచందముల మాట కాదు. నేడు పల్లెలో బొమ్మ సాక్ష్యమైనది. మన అనంతపురము జిల్లా నార్పల మండలమున బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైనది. ఆనాడు కూలి హాజరు కాగితపు మస్టరులో వేసెడివారు. 2022 మే నెలనుండి ఇరువది మంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట్లను, 2023 జనవరి 1 నుండి దాదాపు పనులన్నింటను, కూలీలను దినమునకు రెండుమారులు ఫోనుతో తీసి, తీసిన చోటును కాలమును బొమ్మకు జతచేసి పంపవలెనని కేంద్రప్రభుత్వము నిర్బంధించెను. సిగ్నలు లేని గుట్ట ప్రక్కన బొమ్మ పోకపోయినచో చెమటోడ్చిన దినమునకు హాజరు పడుట కష్టమయ్యెను. మఱియొక ప్రక్క, మనుష్యులకు మారుగా పాత బొమ్మనే మరల బొమ్మతీసి పంపిన మోసములును జరిగినవి. వానిని పేర్కొనుచు 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖవారు రాష్ట్రములకు హెచ్చరిక వ్రాసిరి. ఆ చట్టమునకు మారుగా 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టమును చేసినది. చట్టము మారినను, పని జరిగినదనుటకు బొమ్మ నడుగు పద్ధతి పోవునని నేను తలపను. రైతు పంట నమోదునకు గూడ చేనిలో నిలిచి తీసిన బొమ్మయు, ఆ చేని గుర్తును కావలసి వచ్చుచున్నవి.

ఇట్టి చోట చిన్న కెమెరాకు ప్రవేశమే లేదు. ఏలయన సాధారణమైన చిన్న కెమెరాకు తానెక్కడ నున్నదో తెలియదు. దాని గడియారము మనము పెట్టినంతవరకే. లోపలి చిన్న సెల్లు చచ్చినచో ఈనాటి బొమ్మపై ఎప్పటిదో తేదీ పడును. ఫోను ఆకాశమందలి ఉపగ్రహములనుండి చోటును, నెట్‌వర్కునుండి కాలమును తెలిసికొనును. కావున ఆఫీసులవారు ఫోనునే నమ్ముదురు. అది మఱిన్ని సంగతులు తెలిసిన సాక్షి యగుట నిజమే. కాని బొమ్మను తానే దిద్దగల సాక్షియు నదియేయని ఇంతకుముందే చూచితిమి. బొమ్మ యున్నంతమాత్రమున విచారణ ముగిసినదనుకొను అధికారియు, బొమ్మ లేనంతమాత్రమున పనియే జరుగలేదను అధికారియు ఇరువురును పొరపడువారే. చేనిగట్టుమీదికి వచ్చి కన్నులార చూచి పోవు మనిషి యవసరము కెమెరాతో తీరలేదు, ఫోనుతోను తీరలేదు.

మరి చిన్న కెమెరాకు ముందు కాలమున్నదా? ఆశ్చర్యమేమనగా కొంత యున్నది. 2023లో 17 లక్షలకు దిగజారిన లెక్క 2024లో 19 లక్షలకు సమీపించినది. పెరుగుదల కొంచెమే, అయినను పదునైదేండ్ల కరవులో పడిన యొక జల్లువంటిది. ఈ జల్లునకు కారణము పట్టణపు పడుచువారు. పుట్టినది మొదలు ఫోను బొమ్మలే చూచిన పిల్లలకు దాని యతి నునుపు మొగము మొత్తినది. తమ తల్లిదండ్రుల కాలపు చిన్న కెమెరాల ఫ్లాషు వెలుగును, కొంచెము గరుకుదనమును వారికి క్రొత్త రుచియైనవి. అన్న తినగా తినగా విసివి సంగటి నడిగినట్లు. పాత డిజిటలు కెమెరాలను వెదకి కొనువా రనేక దేశములలో బయలుదేరిరి. వేరొక ప్రక్క కంపెనీలు ధనికులకై పెద్ద చిప్పు గల చిన్న కెమెరాలను చేయుచున్నవి. 2024 ఫిబ్రవరిలో ఫ్యూజీఫిల్ము వారు ప్రకటించిన యొక కెమెరా వెల మన దేశమున లక్షన్నర రూపాయలకు మించినది. అయినను కొనువారు నెలలతరబడి కనిపెట్టుకొని యుండిరి.

కావున చిన్న కెమెరా చావదు. కాని కులము మారును. గడియారము చేతి సొమ్ము అయినట్లును, గుఱ్ఱము బండినుండి విడివడి పందెపు మైదానమున కేగినట్లును, నది ఇకమీద అభిరుచిగలవారి యాటవస్తువగును. నాలుగైదు వేలకు దొరకి, పల్లె యింటి చెవులు కుట్టు పండుగకు వచ్చిన యా చవుక కెమెరా మాత్రము తిరిగి రాదు. ఆ పని ఫోనునకు స్థిరపడినది. పెండ్లిండ్లకు పెద్ద కెమెరాతో వచ్చు స్టూడియోవాని పని యింకను నిలిచియున్నది. పాసుపోర్టు సైజు బొమ్మకు నాతని యంగడియే దిక్కు. పాతదే మంచిదని వాదించుట నాకు సమ్మతము కాదు. ముప్పదియాఱు బొమ్మలకు ఆఱు నెలలు కాచుకొన్నవాడు అది సుఖమని చెప్పినచో నమ్మకుడు.

పోయినదేదనగా కాగితము. చిన్న కెమెరా కాలమున, తుదకు దాని డిజిటలు దినములలో గూడ, మంచి బొమ్మలను ఏరి స్టూడియోకు పోయి అచ్చు వేయించు నలవాటుండెను. ఫోనులో బొమ్మలు వేలకు వేలు. అచ్చుపడినది ఒక్కటియు నుండదు. ఆ ఫోను బావిలో పడినను, బస్సులో పోయినను, తెర పగిలి అంగడివాడు లోపలిదంతయు తుడిచివేసినను, ఐదేండ్ల బిడ్డ యొక్క ఐదేండ్లును ఒక్క దినమున పోవును. కొందరి బొమ్మలు ఇంటర్నెట్టు ఖాతాలో నిలువయుండును. కాని ఆ ఖాతా తాళపుమాట కొడుకు కొక్కనికే తెలియును, తండ్రికి తెలియదు. గోడమీది పాత అద్దపు పటమునకు తాళపుమాట యక్కరలేదు.

ఇప్పుడు, మొదట మాట యిచ్చినట్లు, పెట్టెలోని పాత కెమెరా సంగతి. దానిని పాతసామానువానికి వేయకముందు లోపలి కార్డును తీయవలెను. ఫ్లాషు కార్డులోని బొమ్మ విద్యుదావేశ రూపమున నుండును. ఏండ్ల తరబడి ముట్టక పడియున్నచో ఆ యావేశము కొంచెము కొంచెముగా తరిగి బొమ్మలు చెడవచ్చును. కావున రేపు మాపు అనక, కళ్యాణదుర్గమునకు పోవు పని యున్నప్పుడే స్టూడియోకు తీసికొనిపోయి వేరొకచోటికి ఎక్కించుకొనవలెను. సాధారణముగా దొరకు ఎస్‌డి కార్డు అయినచో ఏ యంగడిలోనైనను చదువుదురు. కొన్ని పాత ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలలో ఎక్స్‌డి యను కార్డును, సోనీవారి పాతవానిలో మెమరీ స్టిక్ అను కార్డును ఉండును. వీనిని చదువు పనిముట్లు నానాటికి అరుదగుచున్నవి. అట్టివి యున్నవారు ముందుగా త్వరపడవలెను. కెమెరా పనిచేయుచున్నచో దాని తీగెతోనే కంప్యూటరునకు తగిలింపవచ్చును గనుక తీగెను గూడ పారవేయరాదు. లోపలి బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని గ్రుచ్చరాదు, నిప్పులో వేయరాదు, మరల చార్జి చేయరాదు. పెన్సిలు సెల్లులు వేయు కెమెరాయైనచో వానిని తీసివేయవలెను; కారిన మందు లోపలి రేకులను తినివేయును.

పాత ఫిల్ము నెగెటివులు దొరకినచో అవి బొమ్మకన్న విలువైనవి. బొమ్మ వెలసినను నెగెటివునుండి మరల తీయవచ్చును. 1970, 1980 ప్రాంతపు రంగుల బొమ్మలు ఎఱ్ఱబారుట మీరు చూచియుందురు; నలుపు తెలుపు బొమ్మలు వానికంటె ఎక్కువకాలము నిలుచును. బంక పూసిన పుటలపై ప్లాస్టికు కప్పిన ఆల్బములు చూచుట కింపుగాని, ఆ బంక బొమ్మను తినును. మెల్లగా ఊడదీసి, కాగితపు సంచులలో, ఎండ సోకని, చెదలు పట్టని చోట నుంచుట మేలు.

ఫోనునుండి యేడాదికి పది బొమ్మలను అచ్చువేయింపుడు, పదియే చాలును. ఏరునపుడు నవ్వుచున్న మొగములనే యేరకుడు. ఎండిన చెఱువును, పారిన యేటిని, ఇంటి యెదుటి చింతచెట్టును, కట్టిన పశువులను గూడ చేర్చుడు. ఒక్కొక్క బొమ్మ వెనుక ఊరి పేరు, సంవత్సరము, ఎడమనుండి కుడికి నిలిచినవారి పేర్లు, వారి బంధుత్వము పెన్సిలుతో తేలికగా వ్రాయింపుడు. సిరా పెన్నుతో వ్రాసినచో అది కొన్నాళ్లకు అవతలి ప్రక్కకు ఊరి మొగములపైకి వచ్చును. పాత ఆల్బములోని వారిని గుర్తుపట్టగలవారు ఇంట నొక్కరో ఇద్దరో ఉందురు. పేర్లు వ్రాయు పని వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయవలెను.